దివిసీమ గాలిలో రేడియో విమానం

నేల మీద నిలబడిన మనిషి చేతిలోని ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో సంకేతాలను అందుకొని, తోకకూ రెక్కలకూ అమర్చిన కదిలే పలకలను ఆ సంకేతాల ప్రకారం తిప్పుకుంటూ గాలిలో ప్రయాణించే చిన్న విమానాన్ని రేడియో నియంత్రిత నమూనా విమానం అంటారు. పెళ్లిళ్ల చిత్రీకరణలోనూ, వరిచేలకు మందు చల్లడంలోనూ ఇప్పుడు కృష్ణా డెల్టా అంతటా కనిపిస్తున్న డ్రోను దీనికి దాయాదే అయినా, రెండింటికీ మౌలికమైన తేడా ఒకటి ఉంది. డ్రోను కేవలం ప్రొపెల్లర్ల బలంతో గాలిలో నిలుస్తుంది. దాని పొట్టలోని చిన్న కంప్యూటరు సెకనుకు కొన్ని వందల సార్లు వాలును కొలిచి, ఏ మోటారు ఎంత వేగంతో తిరగాలో తానే సవరిస్తూ ఉంటుంది కాబట్టి, నడిపేవారు చేతులు తీసేసినా అది ఒరిగిపోకుండా గాలిలో నిలిచి ఉండగలదు. సాధారణ నమూనా విమానానికి అటువంటి సాయం లేదు. ముందుకు కదులుతున్నంతసేపే రెక్క దాన్ని మోస్తుంది. వేగం ఒక హద్దుకు దిగువకు జారిన మరుక్షణం మోయడం మానేస్తుంది. అందువల్ల వాయుగతి శాస్త్రాన్ని, అంటే కదిలే గాలి వస్తువులపై చూపే బలాలను వివరించే శాస్త్రాన్ని, చేతులతో తాకి నేర్చుకోవడానికి ఇది సాటిలేని సాధనం. అదే కారణంగా దీని విషయంలో చేసిన పొరపాటుకు ఫలితం కూడా ఆలస్యం లేకుండా కనిపిస్తుంది.

పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణానది పాయల నడుమ, సముద్రానికి ఆనుకొని ఉన్న దివిసీమలో కోడూరు ప్రాంతం అద్దంలా చదునైన నేల. గుట్టలూ లోయలూ లేని ఈ భూమి విమానం ఎగరేయడానికి అనువుగా కనిపిస్తుంది గాని, ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడ ఖాళీ జాగా దొరకదు. జులై, ఆగస్టుల్లో నాట్లు పడిన వరి నవంబరు, డిసెంబరు దాకా చేలో ఉంటుంది. కోతకు కొద్ది రోజుల ముందే పదును మీద చల్లిన మినుము ఆ వెంటనే అందుకుంటుంది. మినుము నూర్పిళ్లు అయిపోయే మార్చి నుంచి కాలువలకు నీళ్లు వదిలే దాకానే చేలు ఖాళీగా ఉంటాయి. అప్పటికి నల్లరేగడి నేల పగుళ్లిచ్చి ఉండడంతో చిన్న చక్రాలు వాటిలో దిగబడి విమానం ముక్కు నేలకు కొట్టుకుంటుంది. కనుక ఈ నేలలో చక్రాలున్న నమూనా కన్నా చేత్తో విసిరి వదిలి, పొట్ట మీద దింపుకొనే నమూనా మేలు. హంసలదీవి, పాలకాయతిప్ప తీరంలో ఇసుక మెత్తగా ఉన్నా, అది పలకలను కదిపే చిన్న మోటార్ల పళ్లచక్రాల్లోకీ ప్రధాన మోటారు బేరింగుల్లోకీ చేరితే వాటిని అరగదీస్తుంది, ఉప్పుగాలి తీగల అతుకులను తినేస్తుంది. పైగా ఆ తీరాన్ని ఆనుకొనే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యపు మడ అడవులు ఉన్నాయి, చలికాలం చివర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకలోనే. ఎంత ఉత్సాహం ఉన్నవారికైనా అది విమానాలకు తగిన చోటు కాదు.

నమూనా విమానాల చరిత్ర మనుషులను మోసిన విమానాల చరిత్ర కన్నా పాతది. ఫ్రాన్స్‌లో ఆల్ఫాన్స్ పెనో 1871లో రబ్బరు పురి బలంతో ఎగిరే చిన్న విమానాన్ని పారిస్‌లోని ఒక ఉద్యానవనంలో ఎగరేసి చూపాడు. తోక పలకను తగిన కోణంలో అమర్చితే విమానం తనంత తానే నిలకడగా ప్రయాణిస్తుందని అందులో రుజువైంది. పెనో పేరుతో చలామణీ అయిన ఎగిరే బొమ్మ ఒకటి 1878లో రైట్ సోదరుల చేతికి వచ్చింది. రేడియోతో ఎగిరే నమూనాను అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో సాధించారు. వారు గఫ్ అని పేరు పెట్టిన ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ భద్రతలో ఉంది. మన దేశంలో ఎన్‌సీసీ వైమానిక విభాగం ఏరో మోడలింగ్‌ను తన శిక్షణలో భాగం చేసి, ఏటా జరిగే అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో దానికి పోటీలు నిర్వహిస్తోంది.

విమానం గాలిలో ఎందుకు నిలుస్తుందో తెలియకుండా దాన్ని కూర్చడం మొదలుపెడితే ప్రతి కొలతా ఒక చిక్కుముడిలా కనిపిస్తుంది. ఎగిరే విమానంపై నాలుగు బలాలు పనిచేస్తాయి: బరువు కిందికి లాగుతుంది, రెక్క పుట్టించే ఉత్థాపక బలం పైకి ఎత్తుతుంది, ప్రొపెల్లర్ ముందుకు లాగుతుంది, గాలి నిరోధం వెనక్కి పడుతుంది. ఉత్థాపక బలం రెక్క వైశాల్యాన్ని బట్టీ, గాలి సాంద్రతను బట్టీ, గాలికి ఎదురుగా రెక్క నిలిచే కోణాన్ని బట్టీ, అన్నిటికన్నా ముఖ్యంగా వేగపు వర్గాన్ని బట్టీ ఉంటుంది; వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగింతలవుతుంది, సగమైతే నాలుగో వంతుకు పడిపోతుంది. నేర్చుకునేవారికి సరిపడే ఒక నమూనాను ఉదాహరణగా తీసుకుంటే, 120 సెంటీమీటర్ల పొడవూ 20 సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న రెక్కకు 2,400 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉంటుంది. బ్యాటరీతో కలిపి బరువు 900 గ్రాములైతే, మన వేసవి గాలిలో ఆ విమానం గంటకు సుమారు 28 కిలోమీటర్ల కన్నా నెమ్మదిగా ఎగరలేదు. ఆ హద్దు దగ్గర బలం చాలేట్టు చేయడానికి రెక్క ముందు అంచును ఇంకా పైకెత్తితే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని జారుతున్న గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, ఎత్తే బలం కూలిపోతుంది. ఈ స్థితినే స్టాల్ అంటారు. మోటారు బాగా తిరుగుతున్నప్పుడూ స్టాల్ రావచ్చు, ఎందుకంటే దానికి కారణం రెక్క కోణమే గాని ఇంజను ఆగిపోవడం కాదు. అదే విమానం బరువు జిగురుతోనూ అలంకరణతోనూ 1,200 గ్రాములకు పెరిగితే స్టాల్ వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటుతుంది. నమూనా కూర్పులో ప్రతి గ్రామునూ లెక్కపెట్టడం ఇందుకే.

నేర్చుకునేవారి విమానానికి రెక్క పొట్ట మీద ఉండాలి, అంటే శరీరం రెక్క కింద వేలాడినట్టు ఉండాలి. రెక్క రెండు కొనలూ నడిమి భాగం కన్నా కొద్దిగా ఎత్తుకు లేచి, పైకి విప్పారిన కోణంలో ఉండాలి. ఈ కోణాన్ని డైహెడ్రల్ అంటారు. విమానం ఒక పక్కకు ఒరిగి ఆ పక్కకు జారడం మొదలుపెట్టగానే కిందికి వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి, అది మరింత బలంగా ఎత్తబడి విమానాన్ని తిరిగి సమతలానికి తెస్తుంది. యుద్ధ విమానాల పోలికలతో అంగడిలో ఆకర్షించే నమూనాలకు ఈ గుణం ఉండదు కాబట్టి, తొలి విమానంగా వాటిని కొనడం డబ్బును చేజేతులా పారబోసుకోవడమే.

కూర్పుకు బాల్సా అనే దక్షిణ అమెరికా తేలిక కలప ప్రసిద్ధమైనా, మన ఊళ్లలో సులువుగా దొరికేవి థర్మాకోల్, ఫ్లెక్సీలు వేసే దుకాణాల్లో అమ్మే సన్‌బోర్డు, అట్టలా గాడులుండే ప్లాస్టిక్ షీటు. వీటిలో 5 మిల్లీమీటర్ల నురగ పలకను గీత గీసి కోసి, సగం లోతుకు గాటు పెట్టి మడిచి రెక్క ఆకారం తెస్తారు. ఒట్టి నురగకు వంగుడును తట్టుకునే శక్తి చాలదు. గాలిలో మలుపు తిరిగేటప్పుడు రెక్క మీద పడే భారం విమానం బరువుకు రెండింతలకు పైగా ఉండవచ్చు కాబట్టి, రెక్క పొడవునా ఒక దూలం వేయాలి. కార్బన్ గొట్టం దొరకని చోట కణుపులు చదును చేసిన వెదురు బద్ద ఆ పని చక్కగా చేస్తుంది. జిగురు ఎంపికలో మాత్రం చాలామంది దెబ్బతింటారు. ఫెవిక్విక్ వంటి సయనోయాక్రిలేట్ జిగురు థర్మాకోల్‌ను తాకగానే కరిగించేస్తుంది. చుక్క పడిన చోట క్షణాల్లో గుంత పడి, అంచులు ముడుచుకొని, అతకాల్సిన రెండు ముక్కల మధ్య ఖాళీ మిగులుతుంది. తెల్లటి ఫెవికాల్ నురగకు హాని చేయదు గాని ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. గన్‌తో వేసే వేడి జిగురు త్వరగా అతుకుతుంది గాని బరువు పెంచుతుంది, మండే ఎండలో నిలిపిన కారులో మెత్తబడిపోతుంది. మోటారు బిగించే ప్లైవుడ్ పలక, రెక్క దూలం అతుకు వంటి భారం మోసే చోట్ల రెండు గొట్టాల నుంచి సమానంగా పిండి కలిపే ఎపాక్సీ జిగురే నమ్మదగినది.

అతుకులు ఆరకముందే రెక్కా తోకా ఒకదానికొకటి సూటిగా ఉన్నాయో లేదో చూడాలి. తోక మధ్య బిందువు నుంచి దారం తీసి కుడి రెక్క కొన వరకూ, ఎడమ రెక్క కొన వరకూ కొలిస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. వెనుక నిలబడి ఒక కన్ను మూసి చూస్తే తోక పలక రెక్కకు సమాంతరంగా కనిపించాలి. 3 మిల్లీమీటర్ల తేడా బల్ల మీద కంటికి ఆనదు గాని, గాలిలో విమానాన్ని ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది. ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు విమానాన్ని వ్యతిరేక దిశలో తిప్పే ప్రయత్నం చేస్తుంది, దాని వెనుక నుంచి మెలి తిరుగుతూ వచ్చే గాలి తోక నిలువు పలకను ఒక పక్క నుంచి కొడుతుంది. ఈ రెండింటినీ సరిపెట్టడానికి మోటారును రెండు మూడు డిగ్రీలు కుడికీ, కొద్దిగా కిందికీ చూసేట్టు బిగిస్తారు. కొత్తవారు దీన్ని తయారీ లోపమనుకొని సరిచేసి, తరువాత ఇబ్బంది పడతారు.

విమానాన్ని తిప్పే పలకలు మూడు రకాలు. తోక అడ్డ పలక వెనుక అంచున ఉండే ఎలివేటర్ ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది, నిలువు పలకకు ఉండే రడ్డర్ ముక్కును పక్కలకు తిప్పుతుంది, రెక్క కొనల దగ్గర ఉండే ఎయిలరాన్‌లు ఒకటి లేస్తే మరొకటి దిగుతూ విమానాన్ని ఒరిగిస్తాయి. వీటిని కదిపే చిన్న మోటారు పెట్టెను సర్వో అంటారు. ఈ పరిమాణం విమానానికి 9 గ్రాముల సర్వోలు చాలు. రిసీవర్ సెకనుకు 50 సార్లు పంపే విద్యుత్ స్పందన ఎంతసేపు నిలిచిందో కొలుచుకొని, 1.5 మిల్లీసెకన్లయితే నడిమికీ, 1 మిల్లీసెకను అయితే ఒక కొసకూ, 2 అయితే రెండో కొసకూ సర్వో తన చేతిని తిప్పుతుంది. ఆ చేతికీ పలకకూ మధ్య ఉక్కు తీగ వేస్తారు. తీగ కొన జారిపోకుండా వంచి బిగించిందీ లేనిదీ ప్రతిసారీ వేలితో లాగి చూడాల్సిందే, ఎందుకంటే ఎలివేటర్ తీగ ఊడిన విమానాన్ని కాపాడే దారి దాదాపు లేదు.

కూర్పులో అత్యంత కీలకమైన కొలత గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువంతా కేంద్రీకృతమైనట్టు ప్రవర్తించే బిందువు. కావడిని భుజం మీద సరైన చోట ఆనించకపోతే నడక సాగనట్టే, ఈ బిందువు సరైన చోట లేని విమానం నిలకడగా ఎగరదు. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య, పై ఉదాహరణలో 5 నుంచి 6.5 సెంటీమీటర్ల దూరంలో, గురుత్వ కేంద్రం ఉండాలి. రెక్క కింద ఆ చోట రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం ముక్కు కొద్దిగా కిందికి వాలి నిలవాలి. ముక్కు బరువైతే విమానం మందకొడిగా ఎగురుతుంది, దింపడం కష్టమవుతుంది, అంతకు మించి ప్రమాదం లేదు. తోక బరువైతే మాత్రం గాలి తెర తగిలి ముక్కు కాస్త పైకి లేవగానే రెక్క బలం దాన్ని సరిదిద్దకపోగా ఇంకా పైకి లేపుతుంది. మనిషి చేయి స్పందించేలోపే విమానం స్టాల్‌లోకి వెళుతుంది. దీన్ని సరిచేయడానికి సీసం ముక్కలు అతికించడం కన్నా బ్యాటరీని ముందుకో వెనక్కో జరపడం తెలివైన పని, అందుకే బ్యాటరీ గది పొడవుగా కట్టుకోవాలి.

మోటారు, బ్యాటరీల జతను ఎంచుకోవడం లెక్కతో కూడిన వ్యవహారం. బ్రష్‌లు లేని మోటారు మీద 1000 కేవీ అని రాసి ఉంటే అర్థం, భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుందని. మూడు ఘటాల లిథియం పాలిమర్ బ్యాటరీ, వాడుకలో లిపో, ఒక్కో ఘటానికి 3.7 చొప్పున 11.1 వోల్టులు ఇస్తుంది. 9 అంగుళాల ప్రొపెల్లర్ వేస్తే భారం పడి వేగం తొమ్మిది వేల చుట్ల ప్రాంతానికి దిగవచ్చు. ఆ వేగంలో ప్రొపెల్లర్ కొన గంటకు 380 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలిని కోస్తూ ఉంటుంది, వేలు తగిలితే ఎముక దాకా తెగుతుంది. కాబట్టి బల్ల మీద చేసే పరీక్షలన్నీ ప్రొపెల్లర్ తీసేసి చేయాలి. దాన్ని బిగించడం మైదానంలో చేసే చివరి పనిగా మిగలాలి. బ్యాటరీ కలిపిన క్షణం నుంచి మోటారు ఎప్పుడైనా తిరగవచ్చన్న ఎరుకతో చేతులనూ ముఖాన్నీ ప్రొపెల్లర్ తిరిగే తలానికి దూరంగా ఉంచాలి.

లిపో బ్యాటరీ తన బరువుకు మించిన శక్తిని దాచుకుంటుంది కనుకనే విద్యుత్ నమూనాలు సాధ్యమయ్యాయి, అయితే దాని ధోరణి ఇంట్లోని సెల్‌ఫోన్ బ్యాటరీ అంత సాధువైనది కాదు. ఒక్కో ఘటం నిండితే 4.2 వోల్టులు దాటకూడదు, ఖాళీ అయితే 3 వోల్టులకు దిగకూడదు. వాడకుండా రోజుల తరబడి పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీని 2.2 ఆంపియర్లకు మించి ఛార్జి చేయకపోవడం మంచిది. ఘటాలను సమం చేసే ఛార్జరునే వాడాలి. మంచం మీదో సోఫా మీదో కాక ఇటుకల మీదో మట్టికుండలోనో పెట్టి, మనిషి దగ్గరుండగానే ఛార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. అంటుకుంటే పక్కనే పెట్టుకున్న బకెట్టెడు ఇసుకతో కప్పి, ఆ పొగ పీల్చకుండా బయటికి తప్పుకోవాలి. సగటున 10 ఆంపియర్లు లాగే విమానానికి ఈ బ్యాటరీలో ఎనభై శాతం వాడుకుంటే పదిన్నర నిమిషాల ప్రయాణం దొరుకుతుంది. కొత్తవారు ట్రాన్స్‌మిటర్‌లో ఆరు నిమిషాలకే గంట మోగేట్టు పెట్టుకుంటే దింపడానికి రెండు మూడు ప్రయత్నాలు చేసే వెసులుబాటు ఉంటుంది.

ఒకప్పటి రేడియో సెట్లలో ఒక మైదానంలో ఇద్దరు ఒకే ఛానెల్‌ను తెరిస్తే రెండు విమానాలూ కూలేవి. ఇప్పుడు వాడుతున్న 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ ముందే కుదుర్చుకున్న వరుసలో ఒక పౌనఃపున్యం నుంచి మరో దానికి వేగంగా దూకుతూ మాట్లాడుకుంటాయి కాబట్టి ఆ బెడద తీరింది. ఇలా దూకే ఉపాయానికి నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లోనే పేటెంటు పొందారు. ఈ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు కనుక రిసీవర్ యాంటెన్నా కొన కేవలం 3 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని బ్యాటరీకీ కార్బన్ గొట్టానికీ దూరంగా ఉంచాలి. సంకేతం తెగితే మోటారు తనంత తాను ఆగిపోయేట్టు ఫెయిల్‌సేఫ్ అమర్చి, ట్రాన్స్‌మిటర్ కట్టేసి అది నిజంగా పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. ఎప్పుడైనా ముందు ట్రాన్స్‌మిటర్ వెలిగించి తరువాత విమానం బ్యాటరీ కలపాలి, ఆపేటప్పుడు ముందు విమానం బ్యాటరీ తీయాలి. ఎగరేసే ముందు విమానం వెనుక నిలబడి ట్రాన్స్‌మిటర్ కర్రను కుడికి నెడితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, కర్రను తనవైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ఈ దిశలు తారుమారైన విమానాన్ని గాలిలోకి వదిలితే మొదటి కొన్ని క్షణాల్లోనే కూలిపోతుంది. అనుభవజ్ఞులు కూడా మరమ్మతు చేసిన తరువాత ఈ పరీక్ష మరిచిపోయి విమానాలు పోగొట్టుకున్నారు.

దివిసీమలో విమానం భవితవ్యాన్ని గాలి నిర్ణయిస్తుంది. తెల్లవారుజామున నేల చల్లగా ఉండడంతో గాలి దాదాపు నిలిచి ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కిన కొద్దీ దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లని గాలి తోసుకొస్తుంది. కోడూరు తీరానికి దగ్గర కావడంతో ఈ సముద్రపు గాలి మధ్యాహ్నానికల్లా ఊపందుకొని, సాయంత్రం దాకా గంటకు పదిహేను ఇరవై కిలోమీటర్ల వేగంతో వీయడం మామూలే. తాటి చెట్ల వరుస దాటి వచ్చిన గాలి చెట్ల ఎత్తుకు పదింతల దూరం వరకూ సుడులు తిరుగుతుంది. 15 మీటర్ల తాళ్ల వెనుక 150 మీటర్ల వరకూ గాలి సరిగా ఉండదని లెక్క. ఎండిన నల్ల చేల మీద వేడి గాలి స్తంభాలు కూడా లేస్తాయి. గద్దలు రెక్కలాడించకుండా గిరికీలు కొడుతున్న చోట అటువంటి స్తంభం ఉన్నట్టే. నేర్చుకునేవారికి ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు సమయం మించినది లేదు, అయితే చలికాలపు పొగమంచులో విమానం కంటికి ఆనదు కాబట్టి అప్పుడు ఆగాలి.

గాలి విషయంలో కళ్లు చేసే మోసాన్ని అర్థం చేసుకోనివారు విమానాన్ని నిలుపుకోలేరు. గంటకు 43 కిలోమీటర్ల వేగంతో ఎగురుతున్న విమానం 20 కిలోమీటర్ల గాలికి ఎదురు వెళుతున్నప్పుడు నేల మీద నిలబడి చూసేవారికి 23 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నట్టు కనిపిస్తుంది, మళ్లి గాలివాలున వస్తున్నప్పుడు 63 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తున్నట్టు కనిపిస్తుంది. రెక్కకు తెలిసింది మాత్రం రెండు వేళలా 43 కిలోమీటర్లే. ఆ ఉరవడి చూసి బెదిరి మోటారు తగ్గించి, ముక్కు పైకి లాగితే, రెక్క మీది గాలి వేగం 28 దిగువకు పడి విమానం స్టాల్ అవుతుంది. గాలివాలున కూలిన విమానాల్లో చాలావాటి కథ ఇదే. రెండో చిక్కు, విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారు కావడం. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపే కర్రను నెడితే రెక్క పైకి లేస్తుందన్న సూత్రం చేతికి అలవాటు చేసుకోవాలి. కంప్యూటరు మీద నడిచే సిమ్యులేటర్‌లో ముందుగా ఈ రెండూ సాధన చేసి, తరువాత రెండు ట్రాన్స్‌మిటర్లను కలిపి గురువు చేతికి అవసరమైనప్పుడు అదుపు అందేట్టు చేసుకొని మైదానానికి వెళితే తొలి విమానం ఎక్కువ కాలం బతుకుతుంది.

విసిరేటప్పుడు గాలికి ఎదురుగా, ముక్కు సమతలంగా ఉంచి, మోటారు పూర్తి వేగంతో వదలాలి; ముప్పై నలభై మీటర్ల ఎత్తుకు చేరాకే మలుపులు మొదలుపెట్టాలి. దింపడం ఎక్కడం కన్నా కష్టం, ఎందుకంటే గడ్డీ గట్లూ రాసుకొనే గాలి నేల దగ్గర నెమ్మదిగా ఉంటుంది. గాలికి ఎదురుగా దిగుతున్న విమానం పైనున్న వేగపు గాలి నుంచి కిందనున్న నెమ్మది గాలిలోకి రాగానే ఎదురు గాలి అందించిన వేగంలో కొంత పోగొట్టుకుంటుంది. అందుకే దిగేటప్పుడు కొంచెం మోటారు ఉంచి, ముక్కు కిందికి ఉంచి వేగం కాపాడుకొని, నేలకు అర మీటరు ఎత్తున మాత్రమే ముక్కు నెమ్మదిగా పైకి తీయాలి.

భద్రత సంగతి గణితంతోనే మొదలుపెట్టవచ్చు. 900 గ్రాముల విమానం సెకనుకు 12 మీటర్ల వేగంతో తగిలితే అది మోసే శక్తి 65 జౌళ్లు, అంటే ఆరున్నర కిలోల రాయి మీటరు ఎత్తు నుంచి పడినంత. కాబట్టి ఎగరేసేవారు సూర్యుణ్ని వెన్ను వైపు ఉంచుకొని నిలబడాలి, చూసేవారంతా వారి వెనుకే ఉండాలి, విమానం వారి ముందున్న ఖాళీ చేల మీదే తిరగాలి. మనుషుల మీదుగా, పశువుల మీదుగా, రోడ్డు మీదుగా ఒక్కసారి కూడా పోనివ్వకూడదు. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్ర స్నానాలకు వేలాది జనం చేరే రోజున ఆ దరిదాపుల్లో ఎగరేయాలన్న ఆలోచనే రాకూడదు. చేపల చెరువులూ రొయ్యల చెరువులూ పెరిగిన ఈ సీమలో ఏరేటర్లకు వెళ్లే కరెంటు తీగలు పొలాల నడుమ ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, దూరం నుంచి అవి కంటికి కనిపించవు. కార్బన్ గొట్టం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, పచ్చి వెదురు కూడా అంతే. తీగకు చిక్కిన విమానాన్ని కర్రతో లాగే ప్రయత్నం ప్రాణాల మీదికి తెస్తుంది. లైన్‌మన్‌ను పిలిచి కరెంటు ఆపించి దించుకోవాలి, కుదరకపోతే విమానాన్ని వదిలేసుకోవాలి. గూళ్లు కట్టే కాలంలో గద్దలు విమానాన్ని వెంబడిస్తాయి. అప్పుడు దించేయడం పక్షికీ విమానానికీ క్షేమం.

చట్టం 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల్లో స్పష్టంగా ఉంది. బరువును బట్టి 250 గ్రాముల లోపు నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్ అని విభజించారు. వినోదానికో చదువుకో పరిశోధనకో వాడుతూ, కంటి చూపు దాటనివ్వకుండా ఎగరేసే 25 కిలోల లోపు నమూనాలకు తయారీ ధ్రువపత్రం అక్కర్లేదు. వ్యాపారేతర మైక్రో విమానాన్ని నడపడానికి పైలట్ ధ్రువపత్రం కూడా అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. డ్రోన్ల గగనతలాన్ని చూపే ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో పచ్చ రంగు ప్రాంతంలో 400 అడుగుల వరకూ అనుమతి అవసరం లేదు; విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే; ఎరుపు ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. కోడూరు గన్నవరం విమానాశ్రయానికి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, పొరుగునున్న నాగాయలంక ప్రాంతంలో క్షిపణి ప్రయోగ కేంద్రానికి 2025 మే 2న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు కాబట్టి ఈ ప్రాంతపు పటం మారే అవకాశం ఉంది. బయలుదేరే రోజున పటాన్ని మళ్లీ చూసుకోవడం, పొలం యజమానిని అడగడం, పోలీసు స్టేషనుకు ముందే చెప్పి ఉంచడం మర్యాదా అవసరమూ కూడా.

ఈ విద్య ప్రయోజనం వినోదంతో ఆగదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు నీట మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్న వారికి డ్రోన్లతో ఆహారం, నీళ్లు అందించారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు ఆ దృశ్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు. అటువంటి యంత్రాలను కొని వాడేవారు మనకు ఉన్నారు; వాటి రెక్కనూ మోటారునూ రేడియోనూ విప్పి, లెక్కగట్టి, మళ్లీ కూర్చగలవారు ఇంకా ఎందరో కావాలి, వారు తయారయ్యేది ఇటువంటి చిన్న విమానాల దగ్గరే. అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడ కళాశాలల భౌతిక శాస్త్ర విభాగాలూ ఎన్‌సీసీ అధికారులూ ఒక సిమ్యులేటరు, రెండు ట్రాన్స్‌మిటర్లు, మరమ్మతుకు లొంగే ఒక థర్మాకోల్ శిక్షణ విమానం సమకూర్చుకొని, వేసవి సెలవుల్లో వారానికి రెండు ఉదయాలు కేటాయిస్తే చాలు. ఈ పనికి ఉపాధ్యాయులు పూనుకోవాలి, తల్లిదండ్రులు సహకరించాలి.